ఎడారి గాయకులు

వేదిక మీద పదిమంది కళాకారులు అర్ధచంద్రాకారంగా కూర్చుని ఉంటారు. అందరూ తెల్లని దుస్తులు ధరించి, తలలకు రంగురంగుల పాగాలు చుట్టుకొని ఉంటారు. ఒకరి ఒడిలో గుండ్రని బొజ్జ గల తంతీవాద్యం ఉంటుంది. మరొకరి ఒడిలో సన్నని సారంగి ఉంటుంది. పక్కన డోలకు, ఇంకొకరి చేతుల్లో నాలుగు చెక్కముక్కలు. ఒక గొంతు ఎత్తుకున్న పాటను రెండో గొంతు అందుకుంటుంది. రెండు కమానులు ఒకేసారి కదులుతాయి. లండన్‌లోనో పారిస్‌లోనో కూర్చుని వింటున్న శ్రోతకు వీరంతా ఒకే ఊరివారు, ఒకే ఇంటివారు అనిపిస్తుంది.

నిజానికి వీరు రెండు వేరు వేరు తెగలవారు. సారంగి వాయించేవారు లంగాలు. (ఈ మాటకు మన భాషలో ఉన్న అర్థాన్ని కాసేపు మరిచిపోవాలి. ఇక్కడ ఇది ఒక తెగ పేరు.) గుండ్రని వాద్యం పేరు కమాయిచా. దానిని వాయించేవారు మాంగణియార్లు. ఈ రెండు తెగలవారూ ఒకే ఎడారిలో తరతరాలుగా పాడుతూనే ఉన్నారు. కాని ఒకరి పక్కన ఒకరు కూర్చుని పాడవలసిన అవసరం వారి తాతలకు రాలేదు. ఎవరి ఇళ్లు వారికి ఉన్నాయి, ఎవరి పాట వారికి ఉంది. అటువంటివారు ఒకే తివాచీ మీదికి ఎందుకు వచ్చారు? వచ్చాక ఏమి పొందారు, ఏమి వదులుకున్నారు?

రాజస్థాన్ రాష్ట్రానికి పడమటి అంచున థార్ ఎడారి ఉంది. జైసల్మేర్, బాడ్‌మేర్, జోధ్‌పూర్ జిల్లాల పల్లెలలో ఈ గాయకులు నివసిస్తారు. సరిహద్దుకు అవతల, పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతంలో కూడా వీరి బంధువులు ఉన్నారు. వానలు బహు తక్కువగా పడే ఈ నేలలో పశువుల పెంపకమే ప్రధాన జీవనాధారం. సజ్జపంట పండితే అది మంచి సంవత్సరం. ఇటువంటి చోట కేవలం పాటను నమ్ముకొని కొన్ని వందల కుటుంబాలు బ్రతకగలిగాయంటే, దాని వెనుక గట్టి కట్టుబాటు ఒకటి ఉండాలి. ఆ కట్టుబాటే యజమాని – ఆశ్రితుడు అనే సంబంధం.

లంగాలకు యజమానులు సింధీ సిపాహీలనే ముస్లిములు. మాంగణియార్లకు యజమానులు చాలావరకు రాజపుత్రులు. లంగాలు, మాంగణియార్లు ఇద్దరూ ముస్లిములే. అయినా మాంగణియార్లు తమ హిందూ యజమానుల ఇళ్లలో కృష్ణుని మీద పాటలు పాడతారు, గ్రామదేవతలను స్తుతిస్తారు, యజమాని వంశావళిని తరాలవారీగా అప్పగిస్తారు. ఇంట్లో బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా గాయకుడు రావలసిందే. అందుకు ప్రతిఫలంగా ధాన్యం, మేక, ఒంటె, డబ్బు వంటివి ముడుతాయి. ఈ హక్కు వారసత్వంగా వస్తుంది. తండ్రికి పొలం ఉంటే కొడుకులు పంచుకున్నట్లు, ఇక్కడ గాయకుని కొడుకులు యజమానుల ఇళ్లను పంచుకుంటారు.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. పిచ్చుకుంట్లవారు రెడ్ల గోత్రాలను, వంశాలను పాడేవారు. రుంజవారు విశ్వబ్రాహ్మణులను, డక్కలివారు మాదిగలను ఆశ్రయించి కథలు చెప్పేవారు. వేరొక కులం వాకిట్లో పాడే హక్కు వారికి లేదు. ఆ అవసరమూ లేదు. థార్ గాయకుల స్థితి కూడా ఇటువంటిదే. వారి పాటకు ఎల్ల గీసింది రాగం కాదు, తాళం కాదు. ఎవరి వాకిట పాడాలన్న లెక్కే ఆ ఎల్ల.

ఇక వాద్యాల సంగతి. కమాయిచాను మామిడికొయ్య దుంగలో తొలిచి చేస్తారు. గుండ్రంగా తొలిచిన బొజ్జ మీద మేకతోలు బిగిస్తారు. ప్రధానమైన మూడు తంతులు మేకపేగుతో పేనినవి. వాటి పక్కన సన్నని లోహపు తంతులు వరుసగా ఉంటాయి. వీటిని ఎవరూ మీటరు. ప్రధాన తంతి మీద కమాను ఆడినప్పుడు, ఆ స్వరానికి సరిపడిన లోహపు తంతి తనంత తానే కంపిస్తుంది. వీటిని తరబు తంతులంటారు. ఎవరో లోపలి గదిలో కూర్చుని వంత పాడుతున్నట్లు ఒక గుంయి అనే నాదం వెనుక నుంచి వస్తుంది. కమాయిచా గొంతు బరువైనది, కాస్త బొంగురుగా ఉంటుంది. ముసలి తాత పాడినట్లు ఉంటుందంటే తప్పు లేదు.

సింధీ సారంగి ఇందుకు భిన్నం. దీని నడుము సన్నం, నాదం తీక్ష్ణం. నాలుగు ప్రధాన తంతులకు తోడు ఇరవైకి పైగా తరబు తంతులు ఉంటాయి. తంతిని వేలికొసతో నొక్కరు. గోటి మొదలును తంతికి ఆనించి జరుపుతారు. అందువల్ల స్వరం నుంచి స్వరానికి జారుడు చక్కగా పలుకుతుంది. ఏళ్ల తరబడి వాయించినవారి గోళ్ల మొదట కాయలు కాసి ఉంటాయి. లంగాలలోనే మరొక శాఖ ఉంది. వారు సూర్ణాయీ లంగాలు. సంప్రదాయం ప్రకారం వారు పాడరు, ఊదుతారు. సన్నాయిని పోలిన సూర్ణాయి, రెండు పిల్లనగ్రోవులను ఒకేసారి నోట పెట్టుకొని ఊదే సతారా, పాములవాని నాగస్వరం వంటి మురళి వారి వాద్యాలు. సతారాలో ఒక గొట్టం శ్రుతి పట్టి నిలుస్తుంది, రెండోది పాట పలుకుతుంది.

మాంగణియార్ల చేతుల్లో ఉండే నాలుగు చెక్కముక్కలు ఖడతాలు. చేతికి రెండేసి చొప్పున పట్టుకుంటారు. మన హరిదాసుల చిడతలకు ఇవి దగ్గరి చుట్టాలే. అయితే వీటికి గజ్జెలు ఉండవు. గజ్జెలు లేకుండానే ఉత్త చెక్కతో ఇంత చప్పుడు, ఇంత నడక ఎలా పుట్టించగలరా అని మొదటిసారి చూసినవారు ఆశ్చర్యపోతారు.

ఈ విభజన ఎక్కడా దాటలేని గోడ కాదని కూడా చెప్పుకోవాలి. జోధ్‌పూర్ జిల్లా రాణేరీ గ్రామానికి చెందిన లాఖా ఖాన్ మాంగణియార్ తెగవాడు. ఆయన వాయించేది మాత్రం సింధీ సారంగి. ఆయనకు 2021లో పద్మశ్రీ లభించింది.

దేశ విభజన ఈ గాయకుల బ్రతుకును కుదిపివేసింది. 1947లో ఎడారి మధ్యగా సరిహద్దు గీత పడింది. యజమానుల ఇళ్లు కొన్ని అవతల ఉండిపోయాయి. 1952లో రాజస్థాన్‌లో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. చిన్నపాటి రాజపుత్ర జాగీర్దార్ల ఆదాయం తగ్గింది. ఆదాయం తగ్గిన ఇంట ఒంటెను దానమిచ్చే స్థోమత ఎక్కడిది? 1965 యుద్ధం తరువాత సరిహద్దు దాటి రాకపోకలు మరింత కష్టమయ్యాయి. వీటికి తోడు కరవులు. పాటను వదిలి కూలికి పోవలసిన రోజులు వచ్చాయి.

ఆ రోజుల్లోనే కోమల్ కోఠారీ అనే పరిశోధకుడు వీరిని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన 1929లో జన్మించాడు. 1960లో రచయిత విజయదాన్ దేథాతో కలిసి జోధ్‌పూర్ జిల్లా బోరుందా గ్రామంలో ‘రూపాయన్ సంస్థాన్’ అనే సంస్థను స్థాపించాడు. దేథా పల్లెల కథలను సేకరించాడు. కోఠారీ పాటలను సేకరించాడు. ఆయన టేపురికార్డరు తీసుకొని లంగాలను, మాంగణియార్లను కలిశాడు. మొదట్లో చాలామంది వెనుకాడారు. తమ గొంతు ఆ పెట్టెలోకి పోతే మళ్లీ తిరిగి రాదని కొందరు భయపడ్డారు. ఈ భయాన్ని చూసి నవ్వుకోవడం సులభం. కాని గొంతు తప్ప మరో ఆస్తి లేనివానికి ఆ అనుమానం రావడంలో వింత ఏముంది? చాలా ఏళ్ల తరువాత వీరి పాటలు సినిమాలకెక్కి, పాడిన తెగల పేర్లు ఎవరికీ తెలియకుండా పోయిన సందర్భాలు చూస్తే, ఆ భయం పూర్తిగా ఉత్తది కాదనిపిస్తుంది.

1963లో మాంగణియార్లు ఢిల్లీలో వేదిక ఎక్కారు. 1967లో కోఠారీ ఒక బృందాన్ని స్వీడన్‌కు తీసుకువెళ్లాడు. 1980లలో భారత ప్రభుత్వం బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా దేశాలలో భారత ఉత్సవాలు జరిపినప్పుడు రాజస్థాన్ గాయకులకు విదేశీ ప్రయాణాలు పెరిగాయి. ఈ ప్రయాణాలలోనే లంగాలు, మాంగణియార్లు ఒకే బృందంగా కూర్చోవడం అలవాటయింది.

కలిసి పాడడం అంటే ముందుగా శ్రుతి కలవాలి. ఇంటి దగ్గర ఏ గాయకుడు తన గొంతుకు వీలైన చోట ఆధార షడ్జం పెట్టుకుంటాడు. వాద్యం ఆయనను అనుసరిస్తుంది. ఇద్దరు గాయకులు, రెండు వాద్యాలు కలిసినప్పుడు అది కుదరదు. ఒక గొంతు కొంత దిగాలి, లేదా మరొకటి కొంత ఎక్కాలి. పాట పాటకూ శ్రుతి మార్చుదామంటే ఇరవైకి పైగా ఉన్న తరబు తంతులన్నీ మళ్లీ సరిచేసుకోవాలి. అంతసేపు సభ ఆగదు. అందువల్ల కచేరీ మొత్తానికి ఒకే శ్రుతికి అందరూ ఒప్పుకోవలసి వస్తుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని గాయకునికి తన శ్రుతిని వదులుకోవడమంటే తన ఇంటి గడపను కొంచెం జరపడం వంటిదే.

రాగాల విషయంలో వారికి అంత ఇబ్బంది ఎదురుకాలేదు. సోరఠ్, మారు వంటి రాగాల పేర్లు ఇద్దరికీ తెలిసినవే. పాటకు ముందు తాళం లేకుండా ఒక దోహా పాడి, రాగాన్ని శ్రోత చెవిలో నిలపడం కూడా ఈ ప్రాంతపు గాయకులకు అలవాటే. ఒకరు దోహా ఎత్తుకుంటే చాలు, రెండోవారికి దారి దొరుకుతుంది. డోలకు నడక ఇద్దరికీ పరిచితమే.

అసలు చిక్కు పాటల ఎంపికలో వచ్చింది. యజమాని ఇంట పాడే పాటకు ఒక సందర్భం ఉంటుంది. పెళ్లికొడుకును పొగిడే పాటకు ఎదురుగా పెళ్లికొడుకు ఉండాలి. వంశస్తుతికి ఆ వంశం వాడు ఉండాలి. స్టాక్‌హోమ్ సభలో కూర్చున్నవారికి ఏ భాటీ రాజపుత్రుని ముత్తాత పేరు చెప్పినా ఒకటే. అంతేకాక లంగాకు ఆ వంశం తనది కాదు, మాంగణియార్‌కు సింధీ సిపాహీ తనవాడు కాడు. కాబట్టి యజమానుల పాటలు ఇంటి దగ్గరే ఉండిపోయాయి. సందర్భం లేకుండా నిలబడగల పాటలు మాత్రమే ప్రయాణమయ్యాయి. విరహం మీద, వానకారు మీద పాడే పాటలు ఉన్నాయి. మూమల్ – మహేంద్రుల ప్రేమకథ సరిహద్దుకు రెండు వైపులా అందరికీ తెలిసినదే. సింధీ కవి షా అబ్దుల్ లతీఫ్ పదాలు, బుల్లే షా పదాలు రెండు తెగలవారూ పాడతారు. ఇవన్నీ కలిపి ఒక ఉమ్మడి మూట అయింది. ఈనాడు ప్రపంచానికి ‘రాజస్థాన్ పాట’గా తెలిసినది ఈ మూటే. మూటలో పట్టనిది ఎంత ఉన్నదో ఆ పల్లెలకు వెళితేగాని తెలియదు.

కాలం కూడా కుదించుకుపోయింది. రాత్రంతా సాగవలసిన పాట పది నిమిషాలలో ముగియాలి. మన బుడగ జంగాలు పల్లెల్లో రాత్రుళ్లు చెప్పిన కథ, బుర్రకథగా సభావేదిక ఎక్కినప్పుడు దాని నడక ఎలా వేగం పుంజుకున్నదో ఆలోచిస్తే ఇది అర్థమవుతుంది. తెలుగు మాట్లాడే బుడగ జంగాల కుటుంబాలు కర్ణాటక, మహారాష్ట్ర పల్లెలలోనూ ఉన్నాయి. వారి ఇంటి పెద్దలను అడిగితే ఈ తేడాను ఇంతకంటె బాగా చెప్పగలరు.

వేదిక కొందరికి కొత్త గౌరవం తెచ్చిందనే చెప్పాలి. ఇంటి దగ్గర ఖడతాలు పాటకు తోడు మాత్రమే. వేదిక మీద అవి డోలకుతో పోటీకి దిగాయి. భాష తెలియని శ్రోతకు పాటలోని మాట అందదు. కాని గాలిలో ఎగిరే చేతులు, ఉరుము వంటి లయ వెంటనే అందుతాయి. కాబట్టి ఖడతాల–డోలకుల జోడీ కచేరీకి పతాకస్థాయి అయింది. కమాయిచా మెల్లగా చెప్పే మాట మాత్రం ఆ సందడిలో వెనుకబడింది.

ఈ బృందాలలోకి తరువాత మరొక తెగ వచ్చి చేరింది. వారు కాల్బేలియాలు. పాములు పట్టి, వాటిని ఆడించి సంచారం చేసే జాతి వారిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పాములాట వృత్తి క్రమంగా మూతపడింది. ఆ ఇళ్ల స్త్రీల నాట్యం వేదిక మీదికి వచ్చింది. గులాబో సపేరా అనే నర్తకి 1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవంలో ఆడింది. 2016లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కాల్బేలియాల నాట్యాన్ని, పాటలను యునెస్కో 2010లో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. పల్లెలో వారి నాట్యానికి తోడు పుంగి, డప్పు. ప్రయాణ బృందాలలో మాత్రం తరచుగా లంగాల, మాంగణియార్ల వాద్యాలకే వారు ఆడతారు. అంటే మూడు తెగల వృత్తులు ఒక్క గంట కార్యక్రమంలో ఒదిగిపోయాయి.

ప్రయాణంలో వాద్యాలకు వచ్చే చిక్కులు వాద్యగాళ్లకే తెలుస్తాయి. పేగుతంతికి గాలిలోని తేమతో లంకె. పొడిగాలికి అలవాటు పడ్డ కమాయిచా తేమగల చలిదేశంలో దిగితే తంతి పట్టు మారిపోతుంది. తోలు మెత్తబడితే నాదం మందగిస్తుంది. వేదిక మీది విద్యుద్దీపాల వేడికి మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే పాటకూ పాటకూ మధ్య వారు బిరడలు తిప్పుతూ ఉంటారు. హార్మోనియానికి ఈ బాధ ఏదీ లేదు. పెట్టె తెరిస్తే శ్రుతి సిద్ధం. బృందాలలో హార్మోనియం చోటు పెరగడానికి, కమాయిచా చోటు తగ్గడానికి ఇది ఒక కారణం. హార్మోనియం మెట్ల మధ్య ఉండే సూక్ష్మ స్వరాలు, సారంగి జారుడు దానికి అందవన్న మాట మాత్రం గుర్తుంచుకోవాలి. నేడు కమాయిచాను చక్కగా తొలిచి చేయగలవారు అరుదైపోయారు. జైసల్మేర్ జిల్లా హమీరా గ్రామానికి చెందిన సాకర్ ఖాన్ ఈ వాద్యానికి పేరు తెచ్చిన విద్వాంసుడు. ఆయనకు 2012లో పద్మశ్రీ లభించింది. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. ఆయన కుమారులలో కొందరు తండ్రి వాద్యాన్నే పట్టుకున్నారు.

కోఠారీ 2004లో మరణించాడు. అప్పటికి ఈ పాటకు దేశదేశాలలో దారులు పడ్డాయి. 2006లో దర్శకుడు రాయ్‌స్టన్ ఏబెల్ నలభైమందికి పైగా మాంగణియార్లతో ఒక ప్రదర్శన రూపొందించాడు. నాలుగు అంతస్తులుగా పేర్చిన గదులకు ఎర్రని తెరలు ఉంటాయి. ఒక్కొక్క తెర తొలగి, ఒక్కొక్క గాయకుడు పాటలో చేరుతాడు. 2007 నుంచి జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటలో శరత్పూర్ణిమ రోజుల్లో జానపద సంగీతోత్సవం మొదలయింది. 2015లో ఆ కోటలోనే ‘జునూన్’ అనే సంకలనం తయారయింది. ఇజ్రాయెల్ గాయకుడు షై బెన్ త్సూర్, ఆంగ్ల వాద్యకారుడు జానీ గ్రీన్‌వుడ్ ఇందులో ప్రధానులు. వారితోపాటు మాంగణియార్లు, ఖవ్వాలీ గాయకులు, పెళ్లి ఊరేగింపులలో వాయించే బ్యాండువారు కలిశారు. రాజస్థాన్‌లో ఈ ముగ్గురికీ మూడు వేరు వేరు చోట్లు. ఒకరిది యజమాని వాకిలి, మరొకరిది దర్గా, ఇంకొకరిది వీధి. ఆ బృందం 2018లో అమెరికా పర్యటన చేసింది.

ఈ ప్రయాణాలలో కనిపించనివారు స్త్రీలు. మాంగణియార్ స్త్రీలు యజమానుల అంతఃపురాలలో పాడతారు. పెళ్లిపాటలు అనేకం వారి నోటనే ఉన్నాయి. రుక్మాబాయి వంటి ఒకరిద్దరు వేదిక ఎక్కారు కాని, ఎక్కువమంది ఇంటికే పరిమితమయ్యారు. ఉమ్మడి మూటలో పట్టని పాటల్లో పెద్ద వాటా వీరిదే.

విదేశం నుంచి తిరిగి వచ్చిన గాయకుడు పెళ్లిళ్ల కాలం రాగానే యజమాని ఊరికి బయలుదేరుతాడు. అక్కడ వేదిక ఉండదు, దీపాలు ఉండవు. యజమాని మంచం మీద, గాయకుడు నేల మీద కూర్చుంటారు. కమాను గుగ్గిలం మీద రాచుకొని, మొదట వంశావళి ఎత్తుకుంటాడు. ఒక ముత్తాత పేరు తప్పిపోతే అక్కడ కూర్చున్న ముసలివాడు వెంటనే అందిస్తాడు.